మా లారీ ఇంజన్ చాంబర్ లీకు: నా అనుభవం

బండి కింద నల్లగా నాలుగు చుక్కలు కనబడితే చాలు, పక్కనున్నవాళ్లు వెంటనే తేల్చేస్తారు. "చాంబర్ ప్యాకింగ్ పోయినట్టుంది, బోల్టులు ఒక చుట్టు టైటు చేయించు" అంటారు. చాంబర్ అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టి, ప్యాకింగ్ అంటే దాని అంచుకీ పైనున్న ఇంజన్ బ్లాకుకీ మధ్య ఆయిల్ కారకుండా పెట్టే పల్చటి పొర. మా లారీ విషయంలోనూ దాబా దగ్గర, కాటా దగ్గర, మిల్లు గేటు దగ్గర అందరూ అదే మాట చెప్పారు. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో చాంబర్ దింపి చూస్తే, అసలు ఆ లీకు వచ్చిందే బోల్టుల్ని అలా బిగించీ బిగించీ అని తేలింది. ఈ పని మొదటి నుంచి చివరి దాకా పక్కనే ఉండి చూశాను, నాకు చేతనైనంత చెయ్యి వేశాను. సొంత బండి నడుపుకునేవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది పది టైర్ల లారీ, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్, పాత మెకానికల్ పంపుది. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఎత్తి కాకినాడ పోర్టుకు వేస్తాను. తిరుగు లోడుకు ఎరువుల బస్తాలు దొరికితే సరే, లేకపోతే ఏది దొరికితే అది. కొనేటప్పుడే ఇంజన్ అడుగున చెమ్మ ఉంది. పాత ఇంజన్‌కి చెమ్మ ఉండటం వింతేమీ కాదు. దానికి దుమ్ము పట్టి పెచ్చు కడుతుంది, అంతే. చుక్క రాలడం మొదలైతే మాత్రం లెక్క వేరు.

ఆ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. సుమారు 20 చుక్కలైతే ఒక మిల్లీలీటరు. ఇంజన్ నడుస్తుండగా పది సెకన్లకో చుక్క పడితే గంటకు 18 మిల్లీలీటర్లు పోయినట్టు, దానికి పెద్దగా భయపడక్కర్లేదు. అదే సెకనుకో చుక్క అయితే గంటకు 180 మిల్లీలీటర్లు. పది గంటలు స్టీరింగ్ మీద కూర్చుంటే 1.8 లీటర్లు రోడ్డు పాలు. మా ఇంజన్ డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద పై గీతకీ కింది గీతకీ మధ్య తేడా కూడా ఇంచుమించు అంతే. పొద్దున నిండుగా చూసుకుని బయల్దేరితే రాత్రికి కింది గీత మీద ఉంటాం. మధ్యలో ఎక్కడో ఓ చోట చూసుకోవడం మర్చిపోతే ఇక క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) బేరింగుల సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి నాకు చాలా బాధ కలిగించేది. మన బండి నుంచి పడిన ఆయిల్ మన టైర్లను ఏమీ చెయ్యదు, వెనకొచ్చే బైకు వాణ్ణి పడేస్తుంది. తొలకరి చినుకు పడిన రోడ్డు మీద ఇంజన్ ఆయిల్ ఎంత జారుతుందో రోడ్డు మీద తిరిగేవాళ్లందరికీ తెలుసు. టోల్ గేట్ల దగ్గర, సిగ్నళ్ల దగ్గర లైనులో నిలబడ్డప్పుడు మా బండి కింద చుక్కలు పడుతుంటే మనసు ఒప్పేది కాదు. కిరాయి నాలుగు రోజులు పోయినా సరే, ఈ పని చేయించాకే మళ్లీ లోడు ఎత్తాలని ఆటోనగర్ షెడ్డుకు తీసుకెళ్లాను.

మేస్త్రి పెద్దాయన. బండి కిందికి వంగి ఒక్కసారి టార్చి వేసి చూసి లేచాడు. "ఏం చెప్పమంటావ్ అబ్బాయ్, అంతా నల్లగా ఉంది. ఎక్కడి నుంచి వస్తోందో దేవుడికి కూడా కనబడదు. ముందు కడిగించుకుని రా" అన్నాడు. నేను "బాబాయ్, చాంబర్ అంచు దగ్గరే కదా తడిగా ఉంది" అంటే, "అన్ని తడులూ అక్కడికే దిగుతాయి" అన్నాడు.

ఆ మాట విలువ తర్వాత అర్థమైంది. ఇంజన్‌లో ఆయిల్ ఎక్కడ కారినా చివరికి చేరేది చాంబర్ అంచుకే, ఎందుకంటే అన్నిటికన్నా కిందున్నది అదే. పైన ట్యాపెట్ కవరు దగ్గర కారినా, పక్కనుండే పుష్ రాడ్ల కవరు దగ్గర కారినా, ముందు క్రాంక్ సీలు దగ్గర కారినా, బ్లాకు వెంట దిగి చాంబర్ బోల్టుల మీద నిలుస్తుంది. పైగా ఫ్యాను గాలి, రోడ్డు గాలి కలిసి దాన్ని వెనక్కి తోస్తాయి. అందుకే తడి ఎక్కడుందన్నది కాదు చూడాల్సింది. తడి ఉన్న చోట్లలో అన్నిటికన్నా పైనా, అన్నిటికన్నా ముందూ ఉన్నది ఏదో పట్టుకోవాలి. లీకు అక్కడ పుడుతుంది.

వాటర్ సర్వీసింగ్ చేయించి, మిగిలిన పెచ్చుల్ని డీజిల్లో ముంచిన బ్రష్షుతో గీకి, గాలి పట్టి ఆరబెట్టాం. మేస్త్రి దగ్గర పనిచేసే కుర్రాడు ముఖానికి రాసుకునే పౌడర్ డబ్బా తెచ్చి, చాంబర్ అంచు చుట్టూ, టైమింగ్ కేసు (ఇంజన్ ముందు పళ్ల చక్రాలుండే పెట్టె) కింద, పుష్ రాడ్ల కవరు చుట్టూ చల్లాడు. నల్లటి ఇంజన్ తెల్లబడింది. స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చి, ఊరి బయటికి ఓ చుట్టు తిప్పుకొచ్చాం. గుంట మీద పెట్టి కిందికి దిగి చూస్తే రెండు చోట్ల పౌడర్ తడిసి గోధుమ రంగుకు తిరిగింది. ఒకటి వెనక ఎడమ మూల, బ్లాకూ బ్యాక్ సీల్ (క్రాంకు వెనక చివర ఆయిల్‌ని ఆపే సీలు) కవరూ చాంబర్ అంచూ మూడూ కలిసే చోటు. రెండోది డ్రెయిన్ నట్టు పక్కన. పైన కవర్లన్నీ పొడిగా ఉన్నాయి.

నాకు లోపల ఉన్న భయం బ్యాక్ సీలు గురించి. అది పోతే గేర్ బాక్సు దింపాలి, క్లచ్ విప్పాలి, ఖర్చు, రోజులు రెండూ పెరుగుతాయి. మేస్త్రి క్లచ్ హౌసింగ్ అడుగున ఉండే చిన్న రంధ్రంలో వేలు పెట్టి తీసి నాకు చూపించాడు. దుమ్ము తప్ప తడి లేదు. బ్యాక్ సీలు కారితే ఆయిల్ ముందు అక్కడే కనబడుతుంది. అక్కడ పొడిగా ఉంటే సీలు జోలికి పోనక్కర్లేదు. ఎవరైనా చూడకుండానే "బ్యాక్ సీలు కూడా మార్చేద్దాం" అంటే ముందు ఆ రంధ్రం చూపించమని అడగండి.

ఆయిల్‌ని ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపించాడు. బాగా కాగినప్పుడు దింపితే చేతులు కాలతాయి, పూర్తిగా చల్లారాక దింపితే అడుగు మడ్డి లోపలే ఉండిపోతుంది. నల్లటి ఆయిల్‌ని డ్రమ్ములో పట్టి పెట్టారు. పాత ఆయిల్ మట్టిలోనో కాలవలోనో పారబోయకూడదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడేసిన ఆయిల్ కూడా ఉంది, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వాలి. డ్రమ్ము నిండాక వాళ్లు వచ్చి పట్టుకెళ్తారని మేస్త్రి చెప్పాడు.

బ్యాటరీ నెగెటివ్ తీసేశాం. వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టాం. గాలి బ్రేకు బండి కాబట్టి హ్యాండ్ బ్రేకు పట్టుకునే ఉంటుంది, అయినా దిమ్మెలు పెట్టే తీరాలన్నది ఆ షెడ్డులో కట్టుబాటు. మంచి కట్టుబాటు.

చాంబర్ దింపడం చెప్పినంత తేలిక కాదు. బోల్టులన్నీ విప్పినా అది ఊడి చేతిలోకి రాదు. ముందు యాక్సిల్ కింద అడ్డంగా ఉంటుంది, చాంబర్ లోతైన భాగం దాన్ని తప్పించుకుని దిగాలి. లోపల ఆయిల్‌ని పంపుకు లాగే సక్షన్ పైపు చాంబర్ అడుగు దాకా వేలాడుతుంటుంది, అది కూడా అడ్డం పడుతుంది. అందుకని ఇంజన్ ముందు మౌంటింగులు వదులు చేసి, జాకీ మీద మందపాటి చెక్క పెట్టి ఇంజన్‌ని కొద్దిగా పైకెత్తారు. జాకీని చాంబర్ కింద పెట్టకూడదు, అది రేకు, సొట్ట పడుతుంది. ఎత్తేటప్పుడు ఫ్యాను రెక్కలు రేడియేటరు గార్డుకు తగులుతాయేమో చూస్తూ ఉండమని నన్ను ముందు నిలబెట్టారు. ఎత్తాక జాకీ మీద వదిలెయ్యకుండా కింద దిమ్మెలు పేర్చారు. హైడ్రాలిక్ జాకీ ఎప్పుడు దిగుతుందో చెప్పలేం. దాన్ని నమ్మి ఇంజన్ కింద చెయ్యి పెట్టకూడదు.

బోల్టుల్లో కొన్నిటి తలలు అరిగిపోయి గుండ్రంగా ఉన్నాయి. ఎంత బలంగా బిగించారో అక్కడే తెలిసింది. ఆఖర్న నాలుగు మూలలా నాలుగు బోల్టులు సగం మాత్రమే వదులు చేసి ఉంచారు, ఒక్కసారిగా ఊడి మీద పడకుండా. మునుపు పూసిన సిలికాన్ పేస్టు పట్టేసి అంచు కదల్లేదు. కుర్రాడు స్క్రూ డ్రైవరు దూర్చబోతే మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. స్క్రూ డ్రైవరుతో తెరిస్తే అంచు వంగుతుంది, బ్లాకు మీద గీత పడుతుంది. పల్చటి చాకు బ్లేడు ఒక చివర దూర్చి, పక్క నుంచి చెక్కసుత్తితో చిన్నగా తడుతూ పోతే కొంచెం కొంచెంగా వదిలింది. చాంబర్ కాస్త కిందికి జారాక ఆ సందులోంచి చెయ్యి పెట్టి సక్షన్ పైపు బోల్టులు విప్పి పైపుని చాంబర్‌లోకే పడేసి, రెండూ కలిపి వెనక్కి లాగారు.

ఇక్కడ నేను చూసింది ఎప్పటికీ మర్చిపోలేను. సక్షన్ పైపు చివర జల్లెడ ఉంటుంది. చాంబర్‌లో ఉన్న ఆయిల్ దాని గుండానే పంపుకు వెళ్తుంది, అక్కడి నుంచే క్రాంకుకీ టర్బోకీ అన్నిటికీ. మా జల్లెడకు అడ్డంగా సేమియా ముక్కల్లాంటి ఎర్రటి పోగులు చుట్టుకుని ఉన్నాయి. పాత సిలికాన్ పేస్టు. మునుపెవరో లీకు ఆపడానికి అంచంతా మందంగా పేస్టు పూసి బిగించారు. పేస్టు బయటికి ఎంత వస్తుందో లోపలికీ అంతే వస్తుంది. బయటికొచ్చింది గుడ్డతో తుడిచేస్తాం, లోపలికెళ్లింది వేడి ఆయిల్లో నానుతూ ఊడి కిందపడి, పంపు లాగే చోటికే చేరుతుంది. జల్లెడలో మూడో వంతు దాకా మూసుకుపోయింది. ఇంకొంత మూసుకుంటే ప్రెషర్ పడిపోయేది, దాని వెనక బేరింగులు. మేస్త్రి ఆ పోగుల్ని ఒక్కొక్కటే పట్టకారుతో లాగి నా అరచేతిలో పెట్టాడు. "ఇదిగో, బయట చుక్క ఆపడానికి పెట్టిన మందు. లోపల ప్రాణం తీసేది" అన్నాడు. ఆయన గొంతులో కోపం వినబడింది. నాకూ వచ్చింది.

అడుగు మడ్డిని తెల్ల కాగితం మీద రాసి, అయస్కాంతం తిప్పి చూశాడు. ఇనప రజను దాదాపు లేదు. వేళ్ల మధ్య నలిపి వెలుతురులో చూస్తే వెండి పొరలు గానీ రాగి మెరుపు గానీ కనబడలేదు. బేరింగు అరిగితే ముందు తెల్లటి పొరలు, ఆ పై పూత పోయాక రాగి రంగు కనబడతాయి. రెండూ లేవు కాబట్టి క్రాంకు జోలికి పోకుండా చాంబర్ పనితో సరిపెట్టొచ్చని చెప్పాడు. అప్పటికి గానీ నేను తేలిగ్గా ఊపిరి తీసుకోలేదు.

డ్రెయిన్ నట్టు పక్క తడి సంగతి తేల్చడానికి ఆయన చేసిన పరీక్ష నాకు చాలా నచ్చింది. చాంబర్‌ని డీజిల్‌తో, తర్వాత సబ్బు నీళ్లతో కడిగి ఎండలో పెట్టారు. బయటి వైపు, డ్రెయిన్ నట్టు కూర్చునే మందపాటి బిళ్ల చుట్టూ సుద్దముక్కతో తెల్లగా పూశారు. లోపల కిరసనాయిలు పోసి ఓ మూల పెట్టి టీకి వెళ్లాం. తిరిగొచ్చేసరికి బిళ్ల వెల్డింగు అంచున అంగుళం పొడవున సన్నటి చీకటి గీత తెల్ల సుద్ద మీద దిగి ఉంది. కిరసనాయిలు చాలా పల్చన, ఆయిల్ దూరని సందులో కూడా దూరుతుంది. ఆ పగులు మామూలు కంటికి ఆనలేదు. నట్టుకి కొత్త వాషరు ఎన్నిసార్లు వేసినా ఆ చుక్క ఆగదు. మునుపటివాళ్లు వాషరే తప్పనుకుని నట్టుని కూడా మితిమీరి బిగించారు, బహుశా ఆ బలానికే బిళ్ల చుట్టూ పగిలింది.

దాన్ని ఆర్క్ వెల్డింగు కొట్టించలేదు. పల్చటి రేకు ఆ వేడికి వంకర పోతుందని, ఆటోనగర్‌లోనే ఇత్తడి బ్రేజింగు చేసేవాళ్ల దగ్గరికి పంపించాడు. అక్కడ పాత ఆయిల్ వాసన పోయేదాకా రేకుని కడిగి, గీకి, మెరిసేలా చేశాక గానీ మంట పెట్టలేదు. తిరిగొచ్చాక మళ్లీ సుద్ద, మళ్లీ కిరసనాయిలు. ఈసారి సుద్ద తెల్లగానే ఉంది.

అసలు పని ఆ తర్వాత, అంచు సరిచేయడం. చాంబర్‌ని బోర్లించి మందపాటి అద్దం మీద పెడితే అది ఊగింది. ఇనప స్కేలుని నిలువుగా అంచు మీద పెట్టి వెనక టార్చి వేస్తే బోల్టుకీ బోల్టుకీ మధ్య వెలుతురు కనబడింది. ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ రేకు పైకి ఉబ్బి ఉంది. బోల్టు తల రేకుని నొక్కుతుంది, రంధ్రం దగ్గర రేకు బ్లాకు వైపు ఉబ్బుతుంది, ఆ ఉబ్బు ప్యాకింగుని నలిపేస్తుంది. రెండు బోల్టుల మధ్య మాత్రం అంచు ఎడంగా ఉండిపోతుంది. అక్కడ ప్యాకింగ్ మీద ఒత్తిడి ఉండదు, ఆయిల్ కారుతుంది. కారిందని ఇంకా బిగిస్తారు, ఉబ్బు ఇంకా పెరుగుతుంది, సందు ఇంకా పెరుగుతుంది. మా చాంబర్‌కి ఇదంతా ఏళ్ల తరబడి జరిగింది. పాత ప్యాకింగు చూస్తే బోల్టుల దగ్గర నలిగి చిరిగిపోయి ఉంది, మధ్యలో కొత్తదాని మందం అలాగే ఉంది.

సరిచేయడానికి యంత్రాలేమీ అక్కర్లేదు, ఓపిక కావాలి. అంచుని యాంగిల్ మీద ఆనించి, ఉబ్బు మీద చదునైన ఇనప ముక్క పెట్టి చిన్న సుత్తితో కొట్టడం, స్కేలు పెట్టడం, టార్చి వేయడం, మళ్లీ కొట్టడం. ఎక్కువ కొడితే రేకు సాగి అటువైపు పల్లం పడుతుంది. మేస్త్రి రెండు రంధ్రాలు చేసి చూపించి సుత్తి నాకిచ్చాడు. మధ్యాహ్నం నుంచి దీపాలు వెలిగేదాకా దాని మీదే కూర్చున్నాను. చివరికి అద్దం మీద పెట్టి ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి ఇనప ఆకులు) తిప్పితే పల్చటి ఆకు కూడా ఎక్కడా దూరలేదు. మొత్తం పనిలో లీకు ఆపింది ఇదే అని నా నమ్మకం. షెడ్డుల్లో హడావుడిగా చేసేటప్పుడు ముందు వదిలేసేదీ ఇదే. దగ్గరుండి చేయించుకునేవాళ్లు ప్యాకింగ్ పెట్టేముందు స్కేలూ టార్చీ తప్పకుండా అడగండి.

బ్లాకు వైపు అంచు శుభ్రం చేయడం ఇంకో తలనొప్పి. పైనుంచి ఆయిల్ చుక్కలు దిగుతూనే ఉంటాయి. తుడిచిన చోట మళ్లీ తడుస్తుంది. అందుకే ఆ రాత్రి బండిని అలాగే కారనిచ్చి, మర్నాడు పొద్దున గుంటలోకి దిగాం. పాత ప్యాకింగ్ ముక్కల్ని గీకి, బోల్టు రంధ్రాల్లో ఇరుక్కున్న పేస్టు తీసి గాలి కొట్టి, ఆఖరుగా థిన్నరు ముంచిన గుడ్డతో తుడిచారు. నూలు పోగులు రాలే గుడ్డ వద్దన్నారు, పాత కాటన్ చొక్కా చింపి వాడాం. చేతి వేలు ఆనించినా ఆ జిడ్డు మీద పేస్టు పట్టదని చెప్పి, తుడిచాక ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ప్యాకింగ్ కొత్తది, మా ఇంజన్ నంబరుకు సరిపడేది తెచ్చాం. కార్కు షీటు కోసి కూడా పెడతారు, చవక. కానీ కార్కు వేడికి అణిగిపోతుంది, కొన్నాళ్లకు మళ్లీ బిగించాలి. బిగించడం అంటే మళ్లీ పాత కథే. కొత్త ఆయిల్ ఖరీదు ముందు ప్యాకింగ్ ఖరీదు ఎంత, అక్కడ పొదుపు చేయాలనిపించలేదు.

పేస్టు పూర్తిగా మానేయలేదు, అవసరమైన చోటే పెట్టాడు. ముందు టైమింగ్ కేసు బ్లాకుకి అతికే రెండు మూలలు, వెనక బ్యాక్ సీల్ కవరు బ్లాకుకి అతికే రెండు మూలలు. మూడు వస్తువులు ఒక గీత మీద కలిసే ఆ నాలుగు చోట్లా ఎంతో కొంత మెట్టు ఉంటుంది, చదునుగా ఉండే ప్యాకింగ్ ఆ మెట్టుని పూడ్చలేదు. రెండు మూడు మిల్లీమీటర్ల సన్నటి గీత, అది కూడా మెట్టు మేరకే. మిగతా అంచంతా ప్యాకింగ్ ఒట్టిదే. మా లీకు పుట్టిన వెనక ఎడమ మూలలో పాత పేస్టు కింద ఆయిల్ జిడ్డు అలాగే ఉంది. జిడ్డు మీద పూసిన పేస్టు కాబట్టి అది అసలు అతుక్కోలేదు.

పేస్టు పెట్టాక తాత్సారం చేయకూడదు, పది పదిహేను నిమిషాల్లో పైన పొర కట్టేస్తుంది. సక్షన్ పైపుని కొత్త ప్యాకింగ్‌తో సహా చాంబర్‌లో పెట్టుకుని పైకెత్తి, ముందు పైపు బోల్టులు, తర్వాత చాంబర్ మూల బోల్టులు చేత్తోనే ఎక్కించారు. అన్ని బోల్టులూ వేళ్లతో తిరిగినంత మేర తిప్పాక గానీ పానా తియ్యలేదు.

మాన్యువల్ ప్రకారం ఈ చాంబర్ బోల్టులకు 24 న్యూటన్ మీటర్లు. ఎనిమిది ఎంఎం బోల్టుకి అది పెద్ద బలం కాదు. పొడుగు హ్యాండిల్ పట్టుకుని లాగితే తెలియకుండానే దానికి రెట్టింపు దాటిపోతుంది. "బాబాయ్, టార్క్ రెంచితో చేద్దామా?" అని అడిగాను. పెట్టిన బలం రాగానే టక్కుమనే పానా అది. తప్పుగా అనుకుంటాడేమోనని సందేహించాను గానీ ఆయన పక్క షెడ్డు నుంచి తెప్పించాడు. మధ్య బోల్టుల దగ్గర మొదలుపెట్టి, ఒకసారి ఈ పక్క ఒకసారి ఆ పక్క చేసుకుంటూ చివరలకు వెళ్లాడు. మొదటి విడత సగం బలం, రెండో విడత 24. మధ్యలో ఒకచోట పొట్టి పానాతో చేత్తో బిగించి, తర్వాత రెంచి పెట్టి చూపించాడు. రెంచి వెంటనే టక్కుమంది. ఏళ్ల అనుభవం ఉన్న చెయ్యి అది. అలాంటి చెయ్యి లేని నాలాంటివాళ్లకు రెంచే దిక్కు.

పేస్టు గట్టిపడటానికి మర్నాటి దాకా ఆయిల్ పొయ్యలేదు. ఆ తీరికలో మేస్త్రి చూసింది బ్రీదర్ పైపు. ఇది చాలామందికి తట్టదు. పిస్టన్ రింగుల పక్కగా కొంత గ్యాసు ఎప్పుడూ చాంబర్ వైపు దిగుతుంది. అది బయటికి పోవడానికే బ్రీదర్ ఉంది. అది మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిల్‌ని బయటికి తోస్తుంది. కొత్త ప్యాకింగ్ వేసినా కొన్నాళ్లకు మళ్లీ చెమ్మ పడుతుంది. మా పైపు కింది చివర కందిరీగలు కట్టే మట్టి గూడు ఉంది, దాని పైన జిడ్డు గడ్డ కట్టి ఉంది. దారి పూర్తిగా మూసుకుపోలేదు గానీ పెన్సిలు దూరేంత కూడా లేదు. పైపు ఊడదీసి డీజిల్లో నానబెట్టి, తీగతో పొడిచి, గాలి కొట్టి పెట్టాం. బండి కొంతకాలం ఖాళీగా నిలబడితే ఇలాంటివి కట్టేస్తాయట.

పాత ఆయిల్ మార్చి ఎక్కువ రోజులు కాలేదు కదా, వడగట్టి పోసుకోవచ్చు కదా అని ఒకరు సలహా ఇచ్చారు. అందులో మడ్డి కలిసింది, పేస్టు ముక్కలు కలిశాయి, వద్దనుకున్నాను. 15డబ్ల్యూ-40 గ్రేడు ఆయిల్ కొత్తది పోయించాను. కొత్త ఫిల్టరుని ఆయిల్‌తో నింపి బిగించారు. ఇంజన్ ఆపే కేబులు లాగి పట్టుకుని, డీజిల్ అందకుండా స్టార్టరుతో విడతలు విడతలుగా తిప్పితే ప్రెషర్ ముల్లు కదిలింది. అప్పుడు కేబులు వదిలి స్టార్ట్ చేశాం. వేడెక్కాక ఐడిలింగ్‌లో కనీసం 0.7 బార్, రేసులో 2.1 బార్ దాటి ఉండాలి. మాది రెండు చోట్లా బాగా పైనే నిలబడింది. జల్లెడ మూసుకుని ఉన్నప్పుడు ఐడిలింగ్‌లో ముల్లు ఎందుకు అంత కిందికి వాలేదో అప్పుడు తెలిసింది. నేను అన్నాళ్లూ మీటరు పాతదైపోయిందనుకున్నాను, మెకానిక్కులు కూడా అదే చెప్పారు.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. సన్నగా ఆవిరి తగులుతోందే తప్ప నెట్టుకుని రావడం లేదు. రింగులు ఇంకా బాగానే ఉన్నాయన్నమాట. మళ్లీ పౌడర్ చల్లి, ఊరి బయటికి తిప్పుకొచ్చి చూశాం. తెల్లగానే ఉంది.

వెళ్లేముందు ఒక మాట గట్టిగా చెప్పాడు. "ఎవరన్నా పానా పట్టుకుని టైటు చేస్తానంటే ముట్టుకోనివ్వకు. పేస్టు ఒకసారి గట్టిపడ్డాక బోల్టు కదిలిస్తే దాని పట్టు విరుగుతుంది."

ఆ తర్వాత మిర్యాలగూడ నుంచి నిండు లోడుతో కాకినాడ దాకా వెళ్లాను. కోదాడ దగ్గర, ఏలూరు దగ్గర, రాజమండ్రి దగ్గర ఆగిన ప్రతిచోటా ఇంజన్ కింద అట్టముక్క పరిచి చూశాను, చుక్క పడలేదు. పోర్టులో అన్‌లోడింగ్ కోసం లైనులో ఉన్నప్పుడు డిప్ స్టిక్ తీస్తే ఆయిల్ పై గీత దగ్గరే ఉంది. ఇప్పుడు ఆయిల్ మార్పించినప్పుడల్లా మూడు పనులు చేస్తున్నాను. డ్రెయిన్ నట్టుకు కొత్త రాగి వాషరు వేయించి, పొట్టి పానాతోనే బిగించమంటున్నాను. బ్రేజింగు చుట్టూ పొడి గుడ్డతో తుడిచి చూస్తున్నాను. బ్రీదర్ పైపు చివర మట్టి లేకుండా తీగ దూర్చి తీస్తున్నాను.